నాలా ఎవరిది? గ్రేటర్ హైదరాబాద్ ఓటు ఎక్కడిదాకా పనిచేస్తుంది

2020 అక్టోబరు 13న పట్టుకున్న వాన తెల్లవారేసరికి హైదరాబాద్‌ను ముంచేసింది. ఘట్‌కేసర్ పరిసరాల్లో 32 సెంటీమీటర్లు పడింది. పల్లెచెరువు కట్ట తెగి అలీనగర్, అల్ జుబైల్ కాలనీల మీద పడింది. నాలుగు రోజులకు మళ్లీ కుండపోత. ఈసారి బాలాపూర్ వైపున్న గుర్రం చెరువు కట్ట తెగి, దిగువనున్న హఫీజ్‌బాబానగర్ నీట మునిగింది. నీళ్లు తీశాక ఆ వీధుల్లో ఇంటింటి గోడ మీదా ఒకే ఎత్తున మట్టి గీత మిగిలింది. నానిన బియ్యం బస్తాలు గుమ్మాల ముందుకు వచ్చాయి. పిల్లల సర్టిఫికెట్లు, రేషన్ కార్డులు, ఇంటి పత్రాలు డాబాల మీద రాళ్ల కింద ఆరాయి.

ఆ వానకూ గ్రేటర్ ఎన్నికల పోలింగుకూ మధ్య 49 రోజులే ఎడం. చెరువు, నాలా (వాన నీరు పోయే కాలువ), కట్ట, మురుగు అన్నవి నగరపాలక ఎన్నికలో తేలాల్సిన విషయాలైతే, అవి తేలడానికి అంతకన్నా తగిన సమయం మరొకటి ఉండదు. నవంబరు 17న షెడ్యూలు వచ్చింది, డిసెంబరు 1న పోలింగు జరిగింది. మధ్యలో ఉన్న రెండు వారాల్లో మాట్లాడుకున్నది మాత్రం వేరే సంగతులు. కేంద్ర హోంమంత్రి, ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి వచ్చి రోడ్‌షోలు చేశారు. నగరం పేరును భాగ్యనగరంగా మార్చాలా అన్నది పెద్ద వార్త అయింది. షెడ్యూలుకు మూడు రోజుల ముందు అప్పటి అధికార పార్టీ టీఆర్‌ఎస్ 15 వేల రూపాయల లోపు ఆస్తిపన్ను కట్టే ఇళ్లకు సగం రాయితీ ప్రకటించింది. ప్రచారంలో నెలకు 20 వేల లీటర్ల ఉచిత మంచినీరు హామీ ఇచ్చింది. వరద సాయం ఇంటికి 10 వేలని ఒకరంటే 25 వేలని మరొకరన్నారు. ఆ 10 వేల కోసం మీసేవా కేంద్రాల ముందు జనం బారులు తీరి ఉండగానే, నవంబరు 18న ఎన్నికల సంఘం పంపిణీ ఆపించింది.

ఓట్లు లెక్కించాక, 150 డివిజన్లలో టీఆర్‌ఎస్ 2016 నాటి 99 నుంచి 56కు దిగింది. బీజేపీ 4 నుంచి 48కి ఎగబాకింది. ఎంఐఎం 44 దగ్గరే నిలిచింది, కాంగ్రెస్‌కు రెండు దక్కాయి. రాష్ట్ర రాజకీయాలకు ఈ అంకెలు ఎంతో చెప్పాయి. తెగిన కట్ట గురించి మాత్రం ఏమీ చెప్పలేదు.

దీనికి పార్టీలను తిట్టి ఊరుకోవచ్చు. ఓటర్లను తిట్టేవారూ ఉన్నారు. అసలు చిక్కు అంతకన్నా లోతున ఉంది. హైదరాబాద్‌లో కార్పొరేటర్‌ను అడగాల్సిన ప్రశ్నలకు జవాబు కార్పొరేటర్ చేతిలో లేదు. జవాబు ఎవరి చేతిలో ఉందో వారికి ఎవరూ ఓటు వేయరు.

ఒక నాలా వెంట నడిస్తే ఇది తెలుస్తుంది. మొదట చెరువు. దాని కట్ట, తూము, అలుగు నీటిపారుదల శాఖవి. చెరువు నిండితే నీరు ఎక్కడిదాకా వస్తుందో ఆ హద్దును ఎఫ్‌టీఎల్ అంటారు. దాన్ని నీటిపారుదల, రెవెన్యూ శాఖలు కలిసి కొలవాలి, నగర ప్రణాళిక చూసే రాష్ట్ర సంస్థ హెచ్‌ఎండీఏ ప్రకటించాలి. చెరువులో నీరు తగ్గితే బయటపడే శిఖం భూమి లెక్క రెవెన్యూ శాఖది. అలుగు దాటిన నీరు నాలాలో పడగానే నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ ఇంజినీర్ల పరిధి మొదలవుతుంది. గోడ కట్టడం, పూడిక తీయడం వారి పని. అదే నాలాలో కలిసే మురుగు, నగరానికి నీళ్లిచ్చే రాష్ట్ర సంస్థ జలమండలి బాధ్యత. శివారు సర్కిళ్లలో మురుగు పైపుల బాధ్యత కూడా 2021 అక్టోబరులో జీహెచ్‌ఎంసీ నుంచి జలమండలికి మారింది. నాలా రైలు పట్టాల కింద దూరితే అక్కడి కల్వర్టు రైల్వేది. కంటోన్మెంటులోకి వెళితే రక్షణ శాఖ అనుమతి కావాలి. అన్నీ దాటి మూసీలో కలిసే చోట నది ఒడ్డు అభివృద్ధికి ఇంకో ప్రత్యేక కార్పొరేషన్ ఉంది. ఇన్ని చేతులు మారే నీరు మధ్యలో ఎక్కడ ఆగినా, అది వచ్చి చేరేది ఏదో ఒక ఇంటి వంటగదిలోకే.

ఆ ఇంటివాళ్లు ముందు పిలిచేది కార్పొరేటర్‌ను. 2020లో 150 డివిజన్లలో సగం మహిళలకు కేటాయించినవి. అర్ధరాత్రి వాన పడితే మోకాలి లోతు నీళ్లలో నిలబడి, ఒక చేత్తో ఫోను పట్టుకుని వరుసగా నాలుగైదు కార్యాలయాలకు మాట్లాడేది ఆమే. నాలా ఇంజినీరు చెరువు నుంచి నీరు ఎక్కువ వదిలారంటాడు. చెరువు చూసే అధికారి నాలా ఇరుకైందంటాడు. ఇరుకు చేసిన గోడ ఎవరిదో రెవెన్యూ సర్వే తేల్చాలి. సర్వే తేలితే కోర్టులో స్టే ఉంటుంది. తెల్లవారాక పాలప్యాకెట్లు, పులిహోర పొట్లాలు పంచడం ఒక్కటే ఆమె చేయగల పనిగా మిగులుతుంది. ఐదేళ్లకు ఓటరు లెక్క తీసేది ఆ పొట్లాలనే.

చట్టం చూస్తే ఈ పరిస్థితి యాదృచ్ఛికం కాదని అర్థమవుతుంది. 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ ప్రణాళిక, నీటి సరఫరా, మురికివాడల అభివృద్ధి సహా 18 అంశాలను పన్నెండో షెడ్యూలులో చేర్చింది. కానీ వాటిని నగరపాలక సంస్థలకు రాష్ట్రాలు ఇవ్వవచ్చని అన్నదే తప్ప, ఇచ్చి తీరాలని అనలేదు. హైదరాబాద్‌లో నీళ్లు, మురుగు 1989లోనే వేరుపడి జలమండలికి వెళ్లాయి. మాస్టర్ ప్లాన్ నగరాభివృద్ధి సంస్థ హుడా చేతిలో ఉండేది, 2008లో అది హెచ్‌ఎండీఏకు చేరింది. జీహెచ్‌ఎంసీలో మిగిలిన పనులకు కూడా అధిపతి మేయర్ కాదు. 1955 నాటి చట్టం ప్రకారం కార్యనిర్వాహక అధికారం కమిషనర్‌ది. ఆ కమిషనర్‌ను నియమించేదీ బదిలీ చేసేదీ రాష్ట్ర ప్రభుత్వమే. మేయర్ కౌన్సిల్‌కు అధ్యక్షత వహిస్తారు, 15 మంది స్టాండింగ్ కమిటీని నడుపుతారు. అనుకున్నది జరగకపోతే అధికారిని మార్చే వీలు లేదు.

మేయర్ ఎన్నిక పద్ధతీ ఇందుకు తగినట్టే ఉంది. 2002లో ఒకసారి హైదరాబాద్ ప్రజలు మేయర్‌ను నేరుగా ఎన్నుకున్నారు. తర్వాత కార్పొరేటర్లే ఎన్నుకునే పద్ధతి వచ్చింది. నగరంలో ఎక్స్‌అఫీషియోగా, అంటే పదవి రీత్యా సభ్యులుగా, నమోదైన ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, ఎంపీలకు కూడా ఇందులో ఓటు ఉంది. 2021 ఫిబ్రవరి 11న టీఆర్‌ఎస్ అభ్యర్థి గద్వాల విజయలక్ష్మి ఎంఐఎం మద్దతుతో మేయర్ అయ్యారు. 2023 డిసెంబరులో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. 2024 మార్చిలో మేయర్ కూడా కాంగ్రెస్‌లో చేరారు. ఆ పార్టీ 2020లో గెలిచింది 150కి రెండు డివిజన్లే. ఇందులో ఒక వ్యక్తి నిర్ణయం కంటే వ్యవస్థ తీరే ఎక్కువ కనిపిస్తుంది. డబ్బు, అధికారులు, అనుమతులు అన్నీ సచివాలయం నుంచే వచ్చేటప్పుడు, కౌన్సిల్ చూపు అటువైపే ఉంటుంది.

నగరం రూపురేఖలు మార్చిన నిర్ణయాలను వరుసగా తలచుకున్నా ఇదే తేలుతుంది. 2006 మార్చిలో వచ్చిన జీవో 86 స్థలం విస్తీర్ణాన్ని బట్టి నిర్మాణ విస్తీర్ణంపై ఉండే పరిమితిని తీసేసింది. రోడ్డు వెడల్పు ఉంటే ఎత్తు ఎంతైనా పోవచ్చు. పశ్చిమాన ఈరోజు కనిపించే ఆకాశహర్మ్యాల వెనుక ఆ ఒక్క జీవో ఉంది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు, 2017 నవంబరులో మొదలైన మెట్రో, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అనే జంట జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసిన 1996 నాటి జీవో 111, ఆ కట్టడిని 2022లో సడలించిన జీవో 69, ఇవన్నీ రాష్ట్ర ప్రభుత్వ నిర్ణయాలే. 2023 ఆగస్టులో కోకాపేటలో హెచ్‌ఎండీఏ వేలం వేసినప్పుడు ఎకరం ధర 100 కోట్లు దాటింది. ఆ ఎకరం మీద లేచే అంతస్తులకు నీరు ఎక్కడి నుంచి, మురుగు ఎటు, వాన నీరు ఏ దారిన అన్న ప్రశ్నను ఓటుతో వచ్చిన ఏ సభలోనూ ఎవరూ అడగాల్సిన పని లేకపోయింది.

చెరువుల సంగతి మరికాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఎన్నికకూ ముంపుకూ ఉన్న ముడి అక్కడే పడింది. శిఖం భూమి అంటే చెరువు నిండితే మునిగి, నీరు తగ్గితే సాగుకు పనికొచ్చే నేల. హైదరాబాద్ చుట్టూ చాలా చెరువుల్లో ఈ నేలకు ప్రైవేటు పట్టాలున్నాయి. నీరు తగ్గాక దున్నుకోవడానికి మాత్రమే పనికొచ్చే పట్టా అది. ఊరు నగరంలో కలిశాక ఆ కాగితం విలువ మారిపోయింది. దున్నే హక్కును గజాల చొప్పున అమ్మారు. తక్కువ ధరకు దొరుకుతుందని కొన్నవారిలో ఆటో నడిపేవారు, చిన్న ఉద్యోగులు, గల్ఫ్‌లో ఏళ్ల తరబడి చెమటోడ్చి కూడబెట్టినవారు ఉన్నారు. వానలు తక్కువైన నాలుగైదేళ్లు అక్కడ నీటి జాడ ఉండదు. కరెంటు మీటరు వస్తుంది, ఇంటి నంబరు వస్తుంది, ఆస్తిపన్ను రసీదు వస్తుంది, ఓటరు కార్డు వస్తుంది. నాలుగు శాఖలు నాలుగు కాగితాలిచ్చాక అది చెరువని ఎవరు నమ్ముతారు? ఐదో శాఖ బుల్‌డోజర్‌తో వచ్చినప్పుడే ఆ మాట వినబడుతుంది.

నిబంధనలు లేక కాదు. 2012 నాటి భవన నిబంధనలు 10 హెక్టార్లకు తగ్గని చెరువు చుట్టూ 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు, 10 మీటర్లకు మించిన నాలాకు 9 మీటర్లు, అంతకన్నా ఇరుకైన నాలాకు 2 మీటర్లు ఖాళీ వదలాలన్నాయి. ఒకవైపు ఈ కొలతలు, మరోవైపు కొన్నేళ్లకోసారి క్రమబద్ధీకరణ పథకాలు. 2007లో భవనాలకు బీపీఎస్, 2015లో భవనాలకు బీఆర్‌ఎస్, లేఅవుట్లకు ఎల్‌ఆర్‌ఎస్, 2020లో మళ్లీ ఎల్‌ఆర్‌ఎస్. చెరువు భూములకు ఇవి వర్తించవని రాసి ఉన్నా, ఇప్పుడు కట్టేస్తే రేపు రుసుముతో సరిపోతుందన్న ధీమాను జనంలో పెంచింది ఇవే. ఎన్నికల ముందు రాయితీ, ఎన్నికల తర్వాత క్రమబద్ధీకరణ, వాన పడితే సాయం. ఈ మూడింటికీ అయ్యే ఖర్చులో కొంతభాగంతో నాలా వెడల్పు చేయవచ్చు. కానీ నాలా వెడల్పు చేయాలంటే కొన్ని ఇళ్లు తీయాలి. తీసే ఇళ్లలో ఓట్లున్నాయి. నీరు తగ్గి బాగుపడే ఇళ్లు నాలుగు డివిజన్ల అవతల ఉంటాయి.

అందుకే ఏళ్లు గడిచాయి. 2000 ఆగస్టు 24న 24 సెంటీమీటర్ల వాన పడి నగరం మునిగాక నాలాలపై కిర్లోస్కర్ సంస్థ అధ్యయనం చేసి 2003లో నివేదిక ఇచ్చింది. ఎక్కడ ఎంత వెడల్పు కావాలో అందులో ఉంది. ఆ తర్వాత మూడు పార్టీల ప్రభుత్వాలు వచ్చాయి. నాలాల కోసం ప్రత్యేక కార్యక్రమం దాదాపు 985 కోట్లతో మొదలైంది 2021లో, అదీ 2020 వరద తర్వాత. ఆ వరదకు ముందు నెలలోనే మల్కాజిగిరి ప్రాంతంలో సైకిలు మీద బయటికెళ్లిన ఒక చిన్నారి మూత లేని నాలాలో పడి చనిపోయింది. ఒక సిమెంటు పలక ఉంటే ఆ బిడ్డ ఇంటికి చేరేది. పద్దెనిమిదేళ్ల ఆలస్యాన్ని కోట్లలో లెక్కపెట్టేటప్పుడు ఆ పలకను కూడా గుర్తుపెట్టుకోవాలి.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. అది రాజరికం, జనానికి ఓటు లేదు, దాన్ని ఆదర్శంగా చూపడం సరికాదు. అయినా వరద కారణాలను ఎగువ చెరువుల దాకా వెతికి, పనిని ఒకరికి అప్పగించి, పూర్తయ్యేదాకా వదలకపోవడం అప్పుడు సాధ్యమైంది. ఓటు వచ్చిన కాలంలో అంతకంటే మెరుగ్గా జరగాలని కోరడం అత్యాశ కాదు.

ఇక పోలింగు శాతం. గ్రేటర్‌లో 2009లో 42, 2016లో 45, 2020లో 46 శాతం చుట్టూ నమోదైంది. ప్రతిసారీ సాయంత్రానికి టీవీల్లో ఒకే మాట వినిపిస్తుంది: చదువుకున్నవాళ్లు సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నారని. ఇందులో కొంత నిజం లేకపోలేదు. సొంత ఊళ్లో ఒక ఓటు, నగరంలో ఒక ఓటు ఉన్నవారి పేర్లు తీయకపోవడం వల్ల శాతం తగ్గి కనిపిస్తుందన్నదీ నిజమే. కానీ అదే 2020లో కంచన్‌బాగ్‌లో 70 శాతం ఓటేస్తే యూసుఫ్‌గూడలో 33 శాతమే వేశారు. ఈ తేడాకు బద్ధకం ఒక్కటే కారణం కాదు. పింఛను, రేషన్, బస్తీలో నల్లా, ఆస్పత్రిలో పడక, పోలీసు స్టేషనులో ఒక మాట, వీటి కోసం కార్పొరేటర్ గడప తొక్కాల్సిన వారికి ఆ ఎన్నిక తమదే. గేటెడ్ కమ్యూనిటీలో బోరు, ట్యాంకరు, జనరేటరు, సొంత కాపలా, సొంత మురుగుశుద్ధి ప్లాంటు ఉన్నవారికి కార్పొరేషన్ అంటే ఏడాదికోసారి ఆన్‌లైన్‌లో కట్టే పన్ను. భవన అనుమతి కూడా 2020లో టీఎస్‌బీపాస్ విధానం వచ్చినప్పటి నుంచి ఆన్‌లైన్‌లో నేరుగా వస్తోంది. నగరంతో ఉన్న బంధాన్ని డబ్బుతో తెంపుకోగలిగినవారు ఓటుతోనూ తెంపుకున్నారు.

వేసిన ఓటు కూడా నగరపాలన మీద తీర్పుగా నిలవడం లేదు. 2020లో 48 డివిజన్లు గెలిచిన బీజేపీ, మూడేళ్లకు శాసనసభ ఎన్నికల్లో హైదరాబాద్ జిల్లాలో గెలిచింది ఒక్క గోషామహల్. రాష్ట్రం మొత్తం గెలిచిన కాంగ్రెస్‌కు ఆ జిల్లాలోని 15 స్థానాల్లో ఒక్కటీ రాలేదు. ఓటరుకు నిలకడ లేదని దీనికి అర్థం కాదు. గ్రేటర్ ఎన్నికలో నగరం గురించి తేల్చుకోవడానికి ఏమీ లేనప్పుడు, ఆ రోజు గాలిలో ఏ ప్రశ్న ఉంటే దానికే జవాబు చెప్పి వస్తారు.

ఎన్నికే జరగని కాలం గురించి కూడా చెప్పాలి. హైదరాబాద్ కార్పొరేషన్‌కు 1986లో ఎన్నికైన కౌన్సిల్ గడువు తీరాక 2002 దాకా ఎన్నికైన సభ లేదు. 2007 ఏప్రిల్ 16న 12 మున్సిపాలిటీలు, 8 గ్రామపంచాయతీలను కలిపి జీహెచ్‌ఎంసీని ఏర్పరిచాక కూడా తొలి ఎన్నిక 2009 నవంబరులో జరిగింది. ఇది హైదరాబాద్ ఒక్కదాని జబ్బు కాదు. విశాఖపట్నంలో 2012 నుంచి 2021 దాకా కౌన్సిల్ లేదు. బెంగళూరులో 2020 సెప్టెంబరు నుంచి, ముంబయిలో 2022 మార్చి నుంచి ఏళ్ల తరబడి అధికారులే పాలించారు. సికింద్రాబాద్ కంటోన్మెంటులో 2015 తర్వాత బోర్డు ఎన్నికలే జరగలేదు. గడువులోపే ఎన్నిక జరగాలని రాజ్యాంగం స్పష్టంగా చెప్పినా వార్డుల పునర్విభజన, రిజర్వేషన్లు, విలీనం అంటూ ఏదో ఒక కారణం దొరుకుతూనే ఉంది. శాసనసభ లేకుండా రాష్ట్రం పదేళ్లు నడిస్తే ఊరుకోని జనం, కౌన్సిల్ లేకుండా నగరం నడిస్తే పట్టించుకోరు. పట్టించుకోకపోవడానికి కారణం పైన చెప్పుకున్నదే.

2024 జులైలో ఏర్పాటైన హైడ్రా ఈ కథలో కొత్త పాత్ర. చెరువుల రక్షణకు పోలీసు అధికారి నాయకత్వంలో ఒక సంస్థ, ఔటర్ రింగు రోడ్డు దాకా పరిధి. ఎన్నాళ్లుగానో ఎవరూ ముట్టుకోని ఆక్రమణలు కూలుతుంటే చాలామంది సంతోషించారు, ఆ సంతోషం అర్థం చేసుకోదగినదే. చెరువు దక్కడం మంచిదే. కానీ ఇది కూడా రాష్ట్రం నియమించిన సంస్థే, కౌన్సిల్‌కు జవాబు చెప్పేది కాదు. ఏ ఇల్లు ముందు, ఏ గోడ తర్వాత, నోటీసు ఎన్ని రోజులు, ఇల్లు పోయినవారికి చోటు ఎక్కడ అన్నవి బాహాటంగా చర్చించి తేల్చాల్సిన విషయాలు. ఆ చర్చ కోర్టు హాళ్లలోనూ టీవీ స్టూడియోల్లోనూ జరిగింది. ఎన్నికైన నగర సభలో జరగాల్సినంత జరగలేదు.

చేయగలిగింది ఏమిటంటే, పెద్ద రాజ్యాంగ సవరణలు అక్కర్లేని పనులే కొన్ని ఉన్నాయి. వాన నీటి దారిని, అంటే గొలుసుకట్టు చెరువుల నుంచి మూసీ దాకా, ఒకే సంస్థకు అప్పగించి దాన్ని కౌన్సిల్‌కు జవాబుదారీ చేయడం. జలమండలి, హెచ్‌ఎండీఏ, హైడ్రా ఏటా కౌన్సిల్ ముందుకు వచ్చి లెక్క చెప్పేలా చట్టం మార్చడం. జనాభా మూడు లక్షలు దాటిన నగరాలకు రాజ్యాంగం చెప్పిన వార్డు కమిటీలకు ప్రాణం పోసి, ప్రతి డివిజన్‌లో నాలాల పటం, పూడిక తీసిన తేదీ, అందుకైన బిల్లు గోడ మీద రాయించడం. డివిజన్‌లో కార్పొరేటర్ పని ఏమిటో ఓటరుకు కంటికి కనిపిస్తేనే ఓటు దాని మీద పడుతుంది.

2020లో ఎన్నికైన కౌన్సిల్ గడువు 2026 ఫిబ్రవరి 10తో ముగిసింది. అంతకు రెండు నెలల ముందే, 2025 డిసెంబరులో, ఔటర్ చుట్టుపక్కల ఉన్న 27 పురపాలక సంస్థలను జీహెచ్‌ఎంసీలో కలిపి డివిజన్లను 300 చేశారు. ఇంత పెద్ద సంస్థను ఎవరు నడపగలరన్న భయం న్యాయమైనదే, బెంగళూరును ఐదు కార్పొరేషన్లుగా చీల్చింది ఆ భయంతోనే. అయితే ఈ విలీనంలో పెద్దగా ఎవరూ గమనించని మేలు ఒకటి ఉంది. 2020లో గుర్రం చెరువు ఉన్న బాలాపూర్ బడంగ్‌పేట్ కార్పొరేషన్‌లో ఉండేది, మునిగిన హఫీజ్‌బాబానగర్ జీహెచ్‌ఎంసీలో ఉండేది. మునిగినవారు ఓటేసిన సభకు ఆ కట్టతో సంబంధమే లేదు. బడంగ్‌పేట్ కూడా కలిసిన 27లో ఒకటి కావడంతో చెరువు, దాని దిగువ బస్తీ ఒకే పటంలోకి వచ్చాయి. రాబోయే కౌన్సిల్ మొదటి సమావేశంలో ఎవరైనా లేచి గుర్రం చెరువు కట్ట ఎలా ఉందని అడిగితే, అది మన హద్దు అవతలిదని తప్పించుకోవడానికి ఇక వీలుండకూడదు.